పిక్క నొప్పి, డికాషన్ రంగు మూత్రం: కండ కరిగి కిడ్నీకి అడ్డం పడితే

ఈశాన్య వానలు మొదలైన దగ్గర్నుంచి చిత్తూరు, తిరుపతి వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో జ్వరం, ఒళ్లు నొప్పులు, కిడ్నీ గురించిన ప్రశ్నలే ఎక్కువ. ఒకదానితో ఒకటి ముడిపడినవాటిని ఏరి ఈసారి ఒకచోట ఇస్తున్నాం.

ప్రశ్న: మా వారికి నలభై నాలుగేళ్లు. చెరకు నరికిన పది రోజులకు చలిజ్వరం పట్టుకుంది. పిక్కల మీద చెయ్యి కూడా వేయనిచ్చేవారు కాదు. ఊళ్లోనే మూడు రోజులు పూటకో నొప్పి సూది వేయించాం. నాలుగోనాటికి మూత్రం డికాషన్ రంగుకు తిరిగింది. కళ్లు మొదట ఎర్రబడి, తర్వాత పచ్చబడ్డాయి. ఆరోనాడు మూత్రం గ్లాసుడు కూడా రాలేదు. తిరుపతికి తీసుకుపోయేసరికి సీపీకే (కండ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) 9,600, క్రియాటినిన్ (కిడ్నీ వడపోత తగ్గితే రక్తంలో పెరిగేది) 5.8, బిలిరుబిన్ 9, ప్లేట్‌లెట్లు 48 వేలు. ఎలుక జ్వరం, దానివల్ల కండ కరిగింది అని చెప్పి నాలుగుసార్లు డయాలసిస్ చేశారు. ఇప్పుడు ఇంటికొచ్చారు. మూత్రం రోజుకు నాలుగు లీటర్ల దాకా పోతోంది. జ్వరానికి కండ కరగడమేమిటి? ఇక జన్మంతా డయాలసిసేనా?
— ఓ పాఠకురాలు, పూతలపట్టు

జవాబు: ముందు మీ రెండో ప్రశ్న చూద్దాం, మిమ్మల్ని నిద్రపోనివ్వనిది అదే కాబట్టి. ఎలుక జ్వరంలో దెబ్బతిన్న కిడ్నీ, మనిషి గండం గడిచి బయటపడితే, చాలామందిలో వారాల్లోనే తిరిగి పనిలోకి వస్తుంది. నాలుగు లీటర్ల మూత్రం పోవడం కూడా ఆ కోలుకోవడంలో భాగమే. కిడ్నీ గొట్టాలు తెరుచుకున్నాయి గానీ నీటినీ ఉప్పునూ వెనక్కి పీల్చుకునే నేర్పు వాటికింకా రాలేదు. అందుకే ఈ పది పదిహేను రోజులు ఏమరుపాటు పనికిరాదు. రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక ఒకే తూకం మీద బరువు చూసి రాసిపెట్టండి. రోజుకు కిలో చొప్పున తగ్గుతున్నా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా నీళ్లూ ఉప్పూ చాలడం లేదని అర్థం. మొదటి వారంలో రెండుసార్లు సోడియం, పొటాషియం, క్రియాటినిన్ చేయించండి. తర్వాత నెల నిండేదాకా వారానికోసారి క్రియాటినిన్, మూడో నెల చివర మరోసారి, అప్పుడు మూత్రంలో ప్రోటీన్ పరీక్ష కూడా. మూడు నెలలు దాటినా క్రియాటినిన్ దిగకపోతేనే దీర్ఘకాలపు కిడ్నీ జబ్బు అన్న మాట ఎత్తాలి. ఈలోగా ఎవరైనా చేతికి ఫిస్టులా (దీర్ఘకాలం డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపే ఆపరేషన్) వేయించుకోమంటే తొందరపడకండి, కిడ్నీ డాక్టరును అడిగి తేల్చుకోండి.

ఇక కండ సంగతి. ఎలుక మూత్రంలో ఉండే లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి చూడ్డానికి సన్నని స్ప్రింగు తీగలా ఉంటుంది. చెరకు ఆకు కోసిన చేతులు, బురదలో నానిన పాదాల పగుళ్లు దానికి తలుపులు. రెండు రోజుల నుంచి నెల లోపు ఎప్పుడైనా జ్వరం రావచ్చు, ఎక్కువమందిలో ఐదు నుంచి పద్నాలుగు రోజుల మధ్య వస్తుంది. మీ వారికి వచ్చిన పదో రోజు సరిగ్గా ఆ లెక్కలోదే. రక్తంలో పడ్డాక అది కాలేయానికి, కిడ్నీకి, కండలకు పాకుతుంది. కండల్లో పిక్క మీద దాని గురి ఎక్కువ. అక్కడ కండ కణాలు చోటు చోటున చస్తాయి. కణం గోడ చిల్లుపడితే బయటి కాల్షియం లోపలికి దూకుతుంది. కండ బిగుసుకుపోయి, ఉన్న శక్తి కాస్తా ఖర్చయి, కణం పగిలిపోతుంది. లోపలున్న పొటాషియం, ఫాస్ఫేట్, సీపీకే ఎంజైము, మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రోటీను రక్తంలోకి వచ్చేస్తాయి. దెబ్బతిన్న కండ నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది కాబట్టి రక్తనాళాల్లో నీరు తగ్గుతుంది.

కిడ్నీకి కష్టం ఈ మయోగ్లోబిన్‌తోనే. చిన్న ప్రోటీను, జల్లెడలోంచి సులువుగా జారి కిడ్నీ గొట్టాల్లోకి దిగుతుంది. నీరు తక్కువై మూత్రం చిక్కబడి, పుల్లబడి ఉంటే అక్కడున్న మరో ప్రోటీనుతో కలిసి గట్టి బిరడాల్లా పేరుకుంటుంది. దానిలోని ఇనుము గొట్టం గోడను కాలుస్తుంది, కిడ్నీ రక్తనాళాలు ముడుచుకుపోతాయి. ఈ సంబంధాన్ని వైద్యలోకం స్పష్టంగా చూసింది 1941లో, లండన్ మీద బాంబులు పడ్డప్పుడు. శిథిలాల కింద కాళ్లు నలిగినవాళ్లను బయటికి తీస్తే మాట్లాడుతూనే ఉండేవారు. రోజుల్లోనే మూత్రం ఆగి చనిపోయేవారు. నలగ్గొట్టింది గోడైనా, సూక్ష్మజీవి అయినా కిడ్నీలో జరిగేది ఒకటే.

అయితే మీ వారి కిడ్నీని ఒక్క కండే దెబ్బతీసిందనుకోకండి. మయోగ్లోబిన్ వల్ల కిడ్నీకి ముప్పు సాధారణంగా సీపీకే 5,000 దాటాక మొదలవుతుంది. ఎలుక జ్వరంలో చాలామందికి అంత పెరగదు, అయినా కిడ్నీ పోతుంది. ఎందుకంటే సూక్ష్మజీవి స్వయంగా కిడ్నీ గొట్టాల్లో చేరి వాపు పుట్టిస్తుంది. దానికి కామెర్లు, ఒంట్లో నీరు తగ్గడం తోడయ్యాయి. ఆపైన నొప్పి సూదులు. డైక్లోఫెనాక్ లాంటి మందు కిడ్నీకి రక్తం తెచ్చే నాళం ముడుచుకోకుండా కాపాడే రసాయనాన్ని ఆపేస్తుంది. నీరు తగ్గిన ఒంట్లో కిడ్నీ నిలబడేదే ఆ రసాయనం మీద. పైగా ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు పిరుదులో సూది పొడిస్తే కండలో రక్తం గడ్డకడుతుంది, సీపీకే ఇంకాస్త పెరుగుతుంది. జ్వరంతో పిక్కలు పట్టేసిన మనిషికి నొప్పి సూది వేయడమంత తప్పు ఇంకోటి లేదని మా అభిప్రాయం. పారాసెటమాల్ చాలు, కామెర్లుంటే రోజు మొత్తానికి 2 గ్రాములు దాటకుండా.

ఇక్కడ ఇంకో మోసముంది. ఈ జ్వరంలో మొదటి రోజుల్లో మూత్రం బాగానే వస్తుంది, ఒక్కోసారి ఎక్కువే వస్తుంది. సూక్ష్మజీవి కిడ్నీ గొట్టాల ఉప్పు పీల్చే పనిని ఆపుతుంది కాబట్టి సోడియం, పొటాషియం కూడా మూత్రంలో పోతాయి. ‘మూత్రం వస్తోంది కదా, కిడ్నీ బాగానే ఉంది’ అని ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉంటారు. క్రియాటినిన్ మాత్రం లోలోపల ఎక్కుతూ ఉంటుంది. కండ కరిగి మూత్రం ఆగిన రోజున అదే పొటాషియం తలకిందులై 6.5 దాటి గుండె మీదికి వస్తుంది. ఆసుపత్రిలో మాటిమాటికీ ఈసీజీ తీసింది అందుకే.

సీపీకే గురించి బెంగ వద్దు. కండ కరగడం ఆగితే అది ఒకటిన్నర రోజుకు సగం చొప్పున దానంతటదే పడిపోతుంది. తొడలు, పిక్కల నీరసం కొన్ని వారాలుంటుంది. నడక పెంచండి, బస్తాలు మోయడం మాత్రం రెండు నెలలు ఆపండి.

ప్రశ్న: నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతున్నా. ఓ జ్వరం కేసులో మూత్రం స్ట్రిప్‌లో రక్తం మూడు ప్లస్‌లు చూపించింది. మైక్రోస్కోపు కింద చూస్తే ఎర్రకణాలు ఒకటో రెండో. స్ట్రిప్ పాతదా, నా కన్ను తప్పా?
— విద్యార్థి, తిరుపతి

జవాబు: రెండూ కాదు, మీకు దొరికింది మంచి ఆధారం. స్ట్రిప్ కణాన్ని చూడదు, హీమ్ అనే ఇనుప ముక్కను చూస్తుంది. అది ఎర్రకణంలో ఉన్నా, పగిలిన కణం నుంచి వచ్చిన హిమోగ్లోబిన్‌లో ఉన్నా, కండ నుంచి వచ్చిన మయోగ్లోబిన్‌లో ఉన్నా ఒకేలా రంగు మారుతుంది. మూత్రం తాజాదేనా అని ముందు చూసుకోండి. చాలాసేపు నిల్వ ఉంటే, పల్చగా ఉంటే కణాలు పగిలిపోయి ఇదే ఫలితం వస్తుంది.

తర్వాత అదే రోగి రక్తం నమూనాను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ట్యూబును కిటికీ వెలుగుకెదురుగా పట్టుకోండి. పైన తేలిన సీరం గులాబీ రంగులో ఉంటే రక్తకణాలు పగులుతున్నాయి. మామూలు లేత పసుపులో ఉంటే మయోగ్లోబిన్‌ను అనుమానించాలి, అది రక్తంలో నిలవదు, వెంటనే మూత్రంలోకి పోతుంది. కామెర్లున్నవాళ్ల సీరం ముదురు పసుపులో ఉంటుంది కాబట్టి తికమక పడొద్దు. మూత్రం ట్యూబును ఊపి నురగ చూడండి. బిలిరుబిన్ ఉంటే నురగ కూడా పసుపే.

ఇంకొకటి గుర్తుంచుకోండి. మయోగ్లోబిన్ రెండు మూడు గంటల్లో సగమైపోయే సరుకు. ఆలస్యంగా వచ్చిన రోగి మూత్రంలో అది కనిపించకపోవచ్చు. సీపీకే నిదానంగా పెరిగి, ఒకటి నుంచి మూడో రోజు మధ్య కొసకెక్కుతుంది. కాబట్టి స్ట్రిప్ శుభ్రంగా ఉందని కండ దెబ్బతినలేదని రాయకూడదు. ఎస్‌జీపీటీ కంటే ఎస్‌జీఓటీ చాలా ఎక్కువగా ఉండి, రోగి ఒళ్లు నొప్పులంటుంటే ‘సీపీకే చూడండి’ అని రిపోర్టు కింద ఒక మాట రాయండి. ఎస్‌జీఓటీ కాలేయానిదే అనుకునేవాళ్లు చాలామంది, కండలోనూ అది దండిగా ఉంటుంది. ఎలుక జ్వరంలో బిలిరుబిన్ ఎంత ఎగబాకినా ఈ రెండు ఎంజైములూ వందల్లోనే ఉంటాయి, వైరస్ కామెర్లలోలా వేలల్లోకి పోవడం అరుదు. కళ్లు పచ్చబడ్డాయని పసరు పోయించడానికి తీసుకుపోయేవాళ్లకు ఈ తేడా ఎవరైనా చెప్పాలి. వైరస్ కామెర్లలో మామూలుగా కళ్లు పచ్చబడే వేళకు జ్వరం దిగిపోతుంది. జ్వరమూ, పచ్చదనమూ, పిక్క నొప్పీ ఒకేసారి ఉంటే అది పసరుకు లొంగే కేసు కాదు.

ప్రశ్న: కిడ్నీ కడగాలంటే కొబ్బరినీళ్లు తాగించమంటారు, కొండపిండాకు కషాయం ఇవ్వమంటారు. సెలైన్లు ఎక్కిస్తే చాలదా అని ఇంకొకరు. ఏది నిజం?
— పాఠకుడు, పుత్తూరు

జవాబు: మొదటి రెండు రోజుల్లో, మూత్రం బాగా వస్తున్నప్పుడు, కొబ్బరినీళ్లు తాగితే నష్టమేమీ లేదు. మూత్రం తగ్గాక మాత్రం అవి విషంతో సమానం. 100 మిల్లీలీటర్లలో దాదాపు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. రెండు బోండాలు తాగితే గ్రాము పైమాటే. కండలోంచి వచ్చే పొటాషియంతోనే సతమతమవుతున్న ఒంటికి ఇది ఎక్కడికి పోతుంది? పళ్లరసాలు, అరటిపండు కూడా ఇదే లెక్క. కషాయాలు ఈ జబ్బులో వద్దే వద్దు. వాటిలో ఎంత పొటాషియం ఉందో కొలిచిచెప్పే దిక్కు లేదు. ఇంట్లో జ్వరం మొదటి రోజుల్లో మంచినీళ్లు, గంజి, మజ్జిగ, లీటరు నీళ్లకు ఒక ప్యాకెట్ చొప్పున కలిపిన ఓఆర్‌ఎస్ చాలు.

మూత్రం తగ్గిందో లేదో కళ్లతో కొలవడం కుదరదు. పాత లీటరు నీళ్ల సీసా మెడ కోసి, స్కెచ్ పెన్నుతో 250, 500, 750 దగ్గర గీతలు పెట్టి బాత్‌రూములో ఉంచండి. అరవై కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లు కనీసం రావాలి, అంటే ఆరు గంటలకు 180. రోజంతటికీ 400 కూడా దాటకపోతే అదే రోజు క్రియాటినిన్, పొటాషియం చూడాల్సిందే. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఉన్నాయి, చిత్తూరులో జిల్లా ఆసుపత్రి ఉంది. ఇలాంటి మనిషిని డయాలసిస్ చేసే వీలున్న చోటికే నేరుగా తీసుకుపోండి.

సెలైన్ నిజంగానే మందు, సమయానికి ఎక్కిస్తే. కండ కరుగుతున్న తొలి గంటల్లో నార్మల్ సెలైన్ ధారాళంగా ఇచ్చి గంటకు 200 నుంచి 300 మిల్లీలీటర్ల మూత్రం తెప్పిస్తే బిరడాలు పేరుకోవు. ఈ లెక్క పెద్దాసుపత్రిలో యూరిన్ గొట్టం వేసి, గంటగంటకూ చూసుకుంటూ చేసేది. ఎలుక జ్వరంలో ఊపిరితిత్తుల్లో రక్తం చిమ్మే ప్రమాదముంది. మూత్రం ఆగిపోయిన మనిషికి ఊళ్లో మంచం మీద పడుకోబెట్టి సీసా వెనక సీసా ఎక్కిస్తే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకే చేరుతుంది. మూత్రం రావాలని లాసిక్స్ సూది పొడవడం వల్ల కిడ్నీ బాగుపడదు. సోడాబైకార్బ్ కలిపితే మేలన్న నమ్మకం పాతదే గానీ, మామూలు సెలైన్ కంటే అది ఎక్కువ మేలు చేస్తుందని తేలలేదు. రక్తంలో కాల్షియం తక్కువ చూపించిందని వెంటనే ఎక్కించడమూ తప్పే, అది చచ్చిన కండలో పేరుకుని, కోలుకునేటప్పుడు ఒక్కసారిగా రక్తంలోకి తిరిగొస్తుంది. పొటాషియం పెరిగి ఈసీజీ మారితేనో, చేతులు కొంకర్లు పోతేనో ఇస్తారు.

ప్రశ్న: మా తమ్ముడికి ఇరవై మూడేళ్లు. మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి మెట్లు ఎక్కి, అదే రోజు నడిచి దిగాడు. రెండో రోజు తొడలు కదల్చలేకపోతే పరీక్ష చేయించాం, సీపీకే 3,100. జ్వరం లేదు, క్రియాటినిన్ 0.9. ఇదీ ఆ జబ్బేనా?
— పాఠకుడు, చంద్రగిరి

జవాబు: కాదు. 3,550 మెట్లు అలవాటు లేని తొడలు, అందులోనూ దిగేటప్పుడు ఒంటి బరువును ఆపుకుంటూ సాగే తొడలు, ఆ మాత్రం ఎంజైము వదులుతాయి. ఎక్కడం కంటే దిగడమే కండను ఎక్కువ నొప్పిస్తుంది. మూత్రం లేత రంగులోకి వచ్చేదాకా నీళ్లు తాగి, వారం పాటు విశ్రాంతి తీసుకుని మళ్లీ చూపిస్తే తగ్గి ఉంటుంది. మూత్రం నల్లబడినా, తొడ రాయిలా బిగిసినా ఆగకండి.

ప్రశ్న: మా నాన్నగారు కొలెస్టరాల్‌కు అటోర్వాస్టాటిన్ (స్టాటిన్ రకం మాత్ర) వాడతారు. న్యుమోనియాకు క్లారిత్రోమైసిన్ రాశారు. నాలుగు రోజులకు కాళ్లు లేపలేకపోయారు. జబ్బు వల్లా, మందుల వల్లా?
— పాఠకురాలు, చిత్తూరు

జవాబు: రెండింటి వల్లా కావచ్చు, రెండూ ఆలోచించాలి. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ కాలేయంలో స్టాటిన్ విరిగిపోయే దారిని మూసేస్తాయి, రక్తంలో స్టాటిన్ పేరుకుని కండను తింటుంది. అజిత్రోమైసిన్‌తో ఈ ముప్పు చాలా తక్కువ. లీజియోనెల్లా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే న్యుమోనియా కూడా కండను కరిగిస్తుంది. అందులో రక్తంలో సోడియం తగ్గడం, విరేచనాలు కూడా కనిపిస్తాయి. సీపీకే, క్రియాటినిన్ ఇవాళే చేయించండి. కొలెస్టరాల్ మాత్ర జ్వరం తగ్గేదాకా ఆపొచ్చా అని డాక్టరును అడగండి, పది రోజులు ఆగితే కొలెస్టరాల్ కొంప మునగదు.

ప్రశ్న: భాకరాపేట అడవంచున మేకలు మేపుతాం. జ్వరం వారం నుంచి తగ్గలేదు. చంకలో నల్లటి పొక్కులాంటిది ఉంది, నొప్పి లేదు, దురద లేదు. ఎలుక జ్వరమేనా?
— పాఠకుడు

జవాబు: మీరు రాసిన పొక్కు సిగరెట్టుతో కాల్చినట్టు నల్లగా, చుట్టూ ఎర్రగా ఉంటే అది స్క్రబ్ టైఫస్ గుర్తు. పొదల్లో, కసువులో ఉండే మైట్ అనే చిన్న పురుగు పిల్ల కుట్టిన చోటు. నొప్పి లేకపోవడమే దాని తీరు, అందుకే ఎవరూ చూసుకోరు. చంకలు, గజ్జలు, మొలతాడు కింద, ఆడవాళ్లకు రొమ్ముల కింద వెతకాలి. బట్టలు విప్పించి చూడని డాక్టరుకు ఇది దొరకదు.

ఇది కూడా సూక్ష్మజీవి జ్వరమే, ముదిరితే కిడ్నీ, ఊపిరితిత్తులు, కండలు అన్నిటినీ పట్టుకుంటుంది. అయితే డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు పూటకొకటి చొప్పున రోజుకు రెండు మొదలుపెడితే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. వారం రోజులు వాడాలి. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. ఎలుక జ్వరం తొలి దశకూ ఇదే డాక్సీసైక్లిన్, ఇదే మోతాదు. అందుకే మన ప్రాంతంలో వానల తర్వాత ఏ జ్వరమో తేలక ముందే అనుభవమున్న డాక్టర్లు దాన్ని మొదలుపెడతారు. రెండిటికీ చేసే ఐజీఎం ఎలీసా పరీక్ష మొదటి ఐదు రోజుల్లో తప్పుగా ‘లేదు’ అని చూపించొచ్చు. టైఫాయిడ్‌కు చేసే వైడాల్ లాంటిదే, స్క్రబ్ టైఫస్‌కు చేసే పాత వీల్-ఫెలిక్స్ పరీక్ష మీద మాకు పెద్దగా నమ్మకం లేదు. మీకు ఆయాసం, మత్తు, మూత్రం తగ్గడం ఉంటే మాత్రలతో సరిపెట్టుకోకండి. ముదిరిన స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి సెలైన్ ద్వారా ఇస్తే ఒక్కదాని కంటే మేలని మన దేశంలోనే చేసిన పరిశోధన 2023లో తేల్చింది. ముదిరిన ఎలుక జ్వరానికి వేరు: పెన్సిలిన్ 15 లక్షల యూనిట్లు ఆరు గంటలకోసారి, లేదా సెఫ్ట్రియాక్సోన్, వారం పాటు. మొదటి మోతాదు పడ్డ కొన్ని గంటలకు చలి, వణుకు పెరగొచ్చు. మందు పడలేదని ఆపించేస్తారు కొందరు. చచ్చిన సూక్ష్మజీవుల వల్ల వచ్చే వణుకది, ఆపకూడదు.

ప్రశ్న: మాకు నాలుగు ఆవులు, రెండెకరాల చెరకు. ఇంట్లో ఒకరికి ఎలుక జ్వరం వచ్చి తగ్గింది. మిగతావాళ్లం ముందే మాత్రలు వేసుకోవచ్చా?
— పాఠకుడు, ఐరాల

జవాబు: ఏడాది పొడుగునా కాదు. నీళ్లు నిలిచిన తోటలో నరకబోయే వారాల్లో, డాక్టరు సరేనంటే, డాక్సీసైక్లిన్ 200 మిల్లీగ్రాములు వారానికొకసారి వేసుకోవచ్చు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకూ, గర్భిణులకూ వద్దు.

చెరకుకూ ఈ జ్వరానికీ ఉన్న చుట్టరికం పాతది. 1930లలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో చెరకు నరికే కూలీలు ఈ జ్వరంతోనే పడిపోతుంటే, నరికే ముందు తోటను కాల్చి ఎలుకల్ని తరమాలని సమ్మెకే దిగారు. మీరు కాల్చనక్కర్లేదు. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, చేతులకు తొడుగులు, ఆకు కోసిన చోట నీళ్లు దూరని ప్లాస్టరు, పని అయ్యాక సబ్బుతో కడుక్కోవడం. దాణా బస్తాలు నేల మీద కాక రేకు డబ్బాల్లో. ఆవు ఈచుకుపోతే ఆ మాయను, పిండాన్ని వట్టి చేతులతో తీయకండి, పశువులకూ ఈ జబ్బు వస్తుంది, ఈచుకుపోవడం దాని గుర్తుల్లో ఒకటి. కుక్కకు ఏటా వేయించే టీకాల్లో లెప్టోకు కూడా ఉందో లేదో పశువుల డాక్టరును అడగండి.

మాత్ర వేసుకునే పద్ధతి కూడా చెప్పాలి. పాడి ఇల్లు కదా, గ్లాసుడు పాలతో మింగేస్తారు. పాలలో కాల్షియం డాక్సీసైక్లిన్‌ను కొంత పట్టేస్తుంది, ఒంటికి పట్టేది తగ్గుతుంది. సంగటి తిన్నాక, పెద్ద గ్లాసు మంచినీళ్లతో మింగి, అరగంట దాకా పడుకోకుండా ఉండండి. గొంతు దిగువన ఇరుక్కుంటే పుండు పడుతుంది.